అన్న వేలిముద్ర

ఆదోని కోర్టులో బంట్రోతు కాశప్ప గొంతు బస్టాండు దాకా వినబడుతుందని మేము ఎగతాళి చేస్తుంటాం. ఆ గొంతుతో పేరు పిలిస్తే ముద్దాయిల్లో కొందరు ఉలిక్కిపడతారు, కొందరు తాగుతున్న టీ వదిలేసి పరుగెత్తుకొస్తారు. ఉరుకుందు రెండూ చేసేవాడు కాదు. "ఉరుకుందు, తండ్రి బజారి" అని కాశప్ప అనగానే, వసారాలో నా పక్కనే నిలబడ్డ ఈ మనిషి మెడ తిప్పి వెనక్కి చూసేవాడు. పిలుపు వెనకున్న ఇంకెవరికో అయినట్టు, ఆ మనిషి వస్తే తాను పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలన్నట్టు చూసేవాడు. మూడో పిలుపుకి నేనే భుజం తట్టి లోపలికి పంపేవాణ్ణి. ఏడాదిలో తొమ్మిది వాయిదాలు పడితే తొమ్మిదిసార్లూ ఇదే వరస.

నేను వకీలు సుధాకర్ దగ్గర గుమాస్తాని. పేరు భీమసేనరావు. మా నాన్న మంత్రాలయంలో పంచాంగం చెప్పుకుని బతికాడు. నాకు ఆ ఓపిక లేక కోర్టు కాగితాల్లో పడ్డాను. ముప్పై ఏళ్ళుగా బతికున్నవాళ్ళ అబద్ధాలను చక్కగా టైపు చేయించి పెట్టే ఉద్యోగం నాది. దయ్యాలంటే నాకు భయమూ లేదు, మర్యాదా లేదు. అందుకే ఈ ఉరుకుందు సంగతి చెప్పాల్సి రావడం నాకు కొంచెం చిరాకుగానే ఉంది.

పెద్దకడుబూరు అవతల ఒక పల్లె వీళ్ళది. తండ్రి బజారి కూలి మనిషి. పుట్టిన బిడ్డలు నిలవక ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాడు, మగపిల్లలు బతికితే అందరికీ నీ పేరే పెడతానని. ఇద్దరు బతికారు. ఇద్దరికీ అదే పేరు పెట్టి మాట నిలబెట్టుకున్నాడు. పెద్ద ఉరుకుందు, నాలుగేళ్ళ తర్వాత చిన్న ఉరుకుందు. మా వైపు ఇదేమీ వింత కాదు. ఒకే గడపలో ముగ్గురు ఉరుకుందులున్న ఇళ్ళు నాకు తెలుసు. పెద్దోడా, నడిపోడా, చిన్నోడా అని పిలుచుకుంటే ఊళ్ళో ఏ చిక్కూ లేదు. చిక్కంతా కాగితం దగ్గరే. బడిలో పంతులు, ఓట్ల జాబితావాడు, ఆధార్ క్యాంపువాడు, అందరూ ఆ పెద్ద, చిన్న అనేవి ఇంటి పిలుపులు కదా అని వదిలేశారు. కాగితాల మీద అన్నదమ్ములిద్దరూ ఉరుకుందు, తండ్రి బజారి. తేడా అల్లా పుట్టిన తేదీలోనూ, ఆధార్ నంబరులోనూ ఉంది.

పెద్దోడు పది దాకా చదివాడు. యెమ్మిగనూరులో ఒక ఎరువుల అంగట్లో కొన్నాళ్ళు పనిచేసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత ఊరి బస్టాపు దగ్గర అంగడి పెట్టాడు. చిన్నోడు మూడో తరగతిలోనే బడి మానేసి బస్తాల కిందికి పోయాడు. ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ, తర్వాత అన్న అంగట్లో హమాలీ. మోసేది తమ్ముడు, మాట్లాడేది అన్న. చిన్నోడికి ఒక వాక్యం పూర్తిగా మాట్లాడాల్సిన అవసరం నలభై ఏళ్ళు వచ్చేదాకా పడలేదంటే నమ్మండి.

పెద్దోడికి కొన్ని పద్ధతులుండేవి. పొద్దున అంగడి తెరవగానే ఒక బస్తా బయటికి తెప్పించి, కుట్టుమూతి లోపలివైపు తిప్పి, గుమ్మానికి ఆనించి నిలబెట్టేవాడు. బస్సులో పోయే రైతుకి అది కనిపిస్తే సరుకు వచ్చిందని అర్థం. ఎవరైనా సరుకు మీద అనుమానపడితే వాళ్ళ అరచేతిలో నాలుగు చుక్కలు నీళ్ళు పోసి యూరియా గుళికలు వేసేవాడు. అసలు యూరియా అయితే కరిగేటప్పుడు చెయ్యి జిల్లుమంటుంది. "సల్లగుండాదా? ఇంగ తీసకపో" అనేవాడట, సగం నవ్వుతో.

రెండువేల ఇరవై ఒకటి మే నెలలో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, పెద్దోడికి ఊపిరాడలేదు. తమ్ముడే కర్నూలు తీసుకుపోయాడు. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ఆధార్ అడిగారు. అన్న కార్డు అంగట్లో డబ్బాలో ఉండిపోయింది. తమ్ముడు జేబులో ఉన్న తన కార్డు తీసి ఇచ్చాడు. పేరు అదే, తండ్రి అదే, ఊరు అదే. ఫోటో వంక చూసే తీరిక ఆ రోజుల్లో ఎవరికీ లేదు. వేరే ఇళ్ళల్లో ఈ పొరపాటు జరగదు. పేరు పంచుకుని పెరిగినవాళ్ళకే అది పొరపాటని కూడా తోచదు. కొన్నాళ్ళకు అన్న పోయాడు. తమ్ముడు ఒక్కడే ఊరికి వచ్చి వదిన బసమ్మతో ఒకే మాట చెప్పాడు. "ముఖం సూడనీలేదొదినా. మూటగట్టి వాళ్ళే తీసకపోయినారు."

బసమ్మ ఏడవలేదు. "సూడని సావుకు గాజులెట్ల తీస్తారప్పా?" అంది. బొట్టు ఉంచుకుంది, గాజులు ఉంచుకుంది. మధ్యాహ్నం మొగుడికి అంగట్లోకి కంచం పంపే అలవాటు కూడా ఉంచుకుంది. జొన్నరొట్టె, పప్పు, పైన నూనె వేసిన చెనక్కాయల పొడి. ఆ కంచం ముందు కూర్చుని తినేది చిన్నోడే. వద్దనే ధైర్యం అతనికి లేదు.

ఆసుపత్రి కాగితం పోవలసిన చోట్లకు నింపాదిగా పోయింది. ఆరు నెలలకు చిన్నోడి పేరు రేషన్ కార్డులోంచి ఊడిపోయింది. ఒకరోజు గ్రామ సచివాలయం నుంచి మనిషి వచ్చి, చిన్నోడి భార్య ఉచ్చీరమ్మను వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టుకొమ్మన్నాడు. మొగుడు అరుగు మీదే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. బడిలో వాళ్ళ కూతురు స్వప్న తండ్రి పేరు రాస్తే, దాని ముందు పంతులు ఎర్రసిరాతో 'లేటు' అని చేర్చాడు. వెళ్ళి సరిచేయించుకోవచ్చు కదా అని మీరంటారు, నేనూ అన్నాను. సరిచేయించాలంటే ఆసుపత్రిలో ఏం జరిగిందో ఎవరికో ఒకరికి మొత్తం చెప్పాలి. ఆ రోజు గురించి ఎవరు అడిగినా చిన్నోడు లేచి వెళ్ళిపోయేవాడు.

అన్న పోయిన నెలకు అంగడి తెరిచాడు. లైసెన్సు గోడకు అద్దంలో వేలాడుతూనే ఉంది. "నా పేరే ఉండాది కదా" అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, అందులో నాకు అనుమానం లేదు. అడ్డం వచ్చింది మిషను ఒక్కటే. ఎరువుల అంగళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన ఆ చిన్న మిషనులో లైసెన్సుదారు వేలు పెడితేనే అది తెరుచుకుంటుంది. చిన్నోడు పెట్టాడు, ఎర్రదీపం. మళ్ళీ పెట్టాడు, ఎర్రదీపం. ముప్పై ఏళ్ళు బస్తాలు పట్టిన వేళ్ళు, గీతలన్నీ అరిగి పలకల్లా నున్నగా ఉండేవట. మిషను పక్కన పడేసి, యెమ్మిగనూరు నుంచి తెలిసినవాళ్ళ దగ్గర బస్తాలు తెచ్చి రెండేళ్ళు అట్లాగే అమ్మాడు.

రెండువేల ఇరవై మూడు వానాకాలం మొదట్లో కొత్త వ్యవసాయాధికారి రాధిక తనిఖీకి వచ్చింది. చిన్న వయసు, చెప్పిన మాట రాసుకునే రకం. లైసెన్సు ఎవరిదని అడిగింది.

"నాదే మేడమ్. గోడకుండాది సూడండి."

"మిషన్లో వేలు పెట్టండి."

ఎర్రదీపం. ఆమె ఇంకో వేలు పెట్టమంది. ఎర్రదీపం. బస్టాపులో కూర్చున్న ఒక పెద్దాయన సాయం చేద్దామని లేచి వచ్చి, "ఈయప్ప పెద్దోడు కాదు తల్లీ, చిన్నోడు. లైసెన్సు పెద్దోనిది. ఆయన రోగంలో పోయినాడు" అన్నాడు. సాయం చేద్దామనుకునే వాళ్ళవల్లే మా కోర్టులో సగం కేసులు బలపడతాయి. పంచనామా రాశారు, బస్తాలూ మిషనూ పట్టుకుపోయారు, తలుపుకి సీలు వేశారు. లైసెన్సు లేకుండా ఎరువులు అమ్మిన నేరం, నిత్యావసర వస్తువుల చట్టం కింద. రుజువైతే మూడు నెలల నుంచి ఏడేళ్ళ దాకా జైలు.

అతను మా ఆఫీసుకు వచ్చింది నిరుడు ఏప్రిల్లో. ఆదోని ఏప్రిల్ గురించి ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. గోడ ముట్టుకుంటే కాలుతుంది. వకాలత్తు మీద వేలిముద్ర వేయించడానికి అతని చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని వెంటనే వదిలేశాను. నీళ్ళలో యూరియా కరుగుతున్న చెయ్యి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఒళ్ళు బాగాలేదేమో అనుకుని మళ్ళీ పట్టుకుని, సిరా అద్ది, కాగితం మీద ఒత్తాను. ముద్ర చాలా బాగా పడింది. ఒక్కో గీతా లెక్కపెట్టుకునేట్టు, బడిపంతులు వేలిలాగా. హమాలీల ముద్రలు నేను వేలకొద్దీ వేయించాను. అవి సిరా మరకల్లాగే ఉంటాయి. ఇతను మోసే పని మానేసి ఏడాది కావస్తోంది కదా, తోలు మళ్ళీ వచ్చి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

వారం తిరక్కుండా సుధాకర్ కాగితాలు తిరగేస్తూ ఎగిరి గంతేసినంత పని చేశాడు. మరణ ధ్రువపత్రం అతని చేతిలో ఉంది.

"రావుగారూ, ఈ ఆధార్ నంబరు చూడండి. పోయింది మన క్లయింటు! ప్రభుత్వం లెక్కలో లైసెన్సుదారు గుండ్రాయిలా ఉన్నాడు. ఇక కేసెక్కడిది?"

చిన్నోణ్ణి పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టాడు. "ఇకనుంచి నువ్వు పెద్ద ఉరుకుందువి. ఎవరడిగినా అంతే. నీ వేళ్ళు అరిగాయి కాబట్టి ఆ రోజు మిషను పట్టుకోలేదు. ఊళ్ళోవాళ్ళ మాటకు కాగితం లేదు. మన మాటకు కాగితం ఉంది."

చిన్నోడు తలెత్తాడు. "అట్లయితే చిన్నోడు సచ్చినట్టే కదా సార్?"

"కాగితం మీద ఎప్పుడో చచ్చాడయ్యా."

"మా స్వప్నకు నేనేమైతాను?"

"పెదనాన్నవి. ఏం, పెదనాన్న ఇంట్లో పిల్ల పెరగదా? లేకుంటే ఏడేళ్ళు జైల్లో కూర్చుని నాన్నవి అవుతావా?"

అతను తల ఊపాడు. నేను పక్కనే ఉండి ఆ తల ఊపడం చూశాను, పెదవి విప్పలేదు. అంతటితో ఆగానా, ఆ పైన ప్రతి వాయిదాకీ అతనికి అన్న పుట్టిన తేదీ, అన్న చదివిన బడి, అన్న లైసెన్సు తెచ్చుకున్న ఏడాది అప్పజెప్పించింది నేనే. పరీక్షకు పిల్లాణ్ణి తయారు చేసినట్టు చేశాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నేను చెప్పినవి నేర్చుకున్నాడు, సరే. చెప్పనివి కూడా రావడం మొదలయ్యాయి. ఒక వాయిదా రోజు మా వసారాలో ఎవరో రైతు ఎరువు సంచి దించి కూర్చున్నాడు. ఉరుకుందు లేచి వెళ్ళి, సంచి చిరుగులోంచి నాలుగు గుళికలు తీసి, అరచేతిలో నీళ్ళు పోసుకుని చూశాడు. "సల్లగుండాది. అసలు సరుకే, తీసకపో" అన్నాడు. సగం నవ్వాడు కూడా. అంతవరకూ నేను అతని నవ్వు చూడలేదు. గొంతు కూడా మారినట్టు అనిపించింది, కాస్త పైస్థాయిలో, నలుగురితో బేరాలాడి అలవాటైన గొంతు. బాగా నేర్చాడు అనుకుని సంతోషించాను. పెద్దోణ్ణి నేనెప్పుడూ చూడలేదు కదా, నాకేం తెలుసు?

తెలిసిన మనిషి ఆ మధ్యాహ్నమే నా దగ్గరికి వచ్చింది. ఉచ్చీరమ్మ. మొగుడికి సద్ది తెచ్చి, అతను తింటుండగా నన్ను చింతచెట్టు పక్కకు పిలిచింది.

"సామీ, నా మొగుణ్ణి ఇడిపిస్తారని మీకాడికి వస్తిమి. మీరేమో ఉన్నోణ్ణి గూడ తీసకపోతాండారు."

"ఏమైందమ్మా?"

"ఆడ సూడు. ఎడమసేత్తో సెంబెత్తి తాగుతాండాడు. అది మా బావ అలవాటు. ఈయన జన్మలో తాగలేదు. పాపను 'ఏయ్ పాపీ' అని పిలుస్తాండె. ఇప్పుడు 'ఏమ్మా బంగారూ' అంటాండాడు. అది గూడ మా బావ పిలుపే. పాప భయపడి దగ్గరికి పోదు. నేను పక్కన కూసుంటే జరిగి కూసుంటాడు సామీ, తమ్ముని పెండ్లాం కాడ జరిగినట్ల."

ఆమె ఏడవడం లేదు. చెప్పాల్సింది చెప్పి నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను ఏదో గొణిగాను, కేసు కంగారమ్మా, అయిపోతే సర్దుకుంటుందని. ఆమె నా మాట నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

అంగట్లో గోడకున్నది నకలు, లైసెన్సు అసలు కాగితం బసమ్మ దగ్గర ఉందంటే ఒక ఆదివారం నేనే ఆ ఊరికి పోయాను. పొద్దున పది గంటల బస్సు. ఊరి మలుపు తిరుగుతుండగా కిటికీలోంచి అంగడి కనబడింది. తలుపుకి సీలు, గొళ్ళేనికి చుట్టిన గుడ్డ, అన్నీ కనిపించాయి. గుమ్మానికి ఆనించి ఒక బస్తా నిలబెట్టి ఉంది, కుట్టుమూతి లోపలికి తిప్పి. సరుకు వచ్చిందన్నమాట అనుకున్నాను, అందరు రైతుల్లాగే. బస్సు దిగి పది అడుగులు వేసేసరికి అక్కడ బస్తా లేదు. దుమ్ములో మాత్రం గుండ్రంగా బస్తా అడుగు ఆనిన గుర్తు ఉంది. వంగి వేలు పెట్టాను. ఆ ఎండలో అంత మేర మట్టి తడిగా, చల్లగా ఉంది. నేను అక్కణ్ణుంచి గబగబా నడిచాను. పరుగెత్తలేదని మాత్రం చెప్పగలను.

బసమ్మ కాగితం చీర మడతల్లోంచి తీసి ఇచ్చింది. పొయ్యి మీద రొట్టె కాలుతోంది. కంచం కడిగి పెట్టి ఉంది. బస్తా సంగతి నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"సూసినావా సామీ? ఆయనే పెడతాండాడు. ఇంగ శానా దినాలు పట్టదు. సేతులు వచ్చినాయి, గొంతు వచ్చింది. మీ కోర్టులో ఆయన పేరు ఒప్పుకుంటే మనిషి గూడ వచ్చేస్తాడు."

ఎంత శాంతంగా చెప్పిందంటే, ఊరికి వెళ్ళిన మొగుడు సాయంత్రం బస్సుకి దిగుతాడని చెప్పినట్టే ఉంది. కాగితం సంచిలో పెట్టుకుని, అంగడి వైపు చూడకుండా బస్సెక్కాను.

ఈ ఏడు ఏప్రిల్లో విచారణ చివరికి వచ్చింది. రాధిక సాక్ష్యం చెప్పింది. సుధాకర్ అడ్డుప్రశ్నలు వేస్తూ, పట్టుకొచ్చిన మిషనుని కోర్టులోనే తెరిపించమని మేజిస్ట్రేటు గారిని కోరాడు. అరిగిన వేళ్ళను అది ఎప్పుడూ పట్టుకోదని, అంత మాత్రాన మనిషి వేరైపోడని కళ్ళముందు చూపించాలని అతని ఎత్తు. కోర్టుల్లో ఇట్లాంటివి జరగవు. ఆ రోజు జరిగింది. కాశప్ప గదిలో మిషనుకి చార్జింగు పెట్టారు. సిగ్నలు కోసం దాన్ని కిటికీలో పెట్టారు. వెనక బెంచీ మీద ఒక చివర ఉచ్చీరమ్మ, స్వప్న. రెండో చివర బసమ్మ, కొత్త చీర కట్టుకుని, చేతినిండా గాజులతో.

కాశప్ప పేరు పిలిచాడు. ఉరుకుందు ఎప్పటిలాగే వెనక్కి చూశాడు. అయితే ఈసారి పక్కకు జరిగి నిజంగానే దారి ఇచ్చాడు. ఇచ్చి, ఒక క్షణం ఆగి, ఆ వచ్చినవాళ్ళ వెనకే అన్నట్టు లోపలికి నడిచాడు.

కిటికీ దగ్గర బొటనవేలు మిషను మీద పెట్టాడు. అందరం ఎర్రదీపం కోసం చూస్తున్నాం. పచ్చదీపం వెలిగింది. తెర మీద తెలుగులో అక్షరాలు వచ్చాయి: ఉరుకుందు, లైసెన్సు నంబరు, స్వాగతం. మిషను చీటీ కూడా ఒకటి బయటికి తోసింది.

రాధిక ముఖం పాలిపోయింది. సుధాకర్ నోరు తెరిచి, వెంటనే గెలిచినవాడి నవ్వు నవ్వాడు. వెనక బసమ్మ గాజులు గలగలమన్నాయి. ఆమె లేచి నిలబడి ఉంది, స్టేషనులో రైలు ఆగుతుంటే దిగేవాళ్ళ కోసం చూసినట్టు. స్వప్న తల్లి కొంగులో ముఖం దాచుకుంది. హాలంతా ఉన్నట్టుండి చల్లబడింది. ఫ్యాను గాలి అని ఎవరైనా అంటే, ఆ హాల్లో ఫ్యాను రెండు నెలలుగా తిరగడం లేదు.

మేజిస్ట్రేటు గారు చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇక కేసు కొట్టేయడమే మిగిలింది. ఆయన కళ్ళజోడు తీసి, బోనులోకి తిరిగొచ్చిన ముద్దాయిని ఒక ప్రశ్న అడిగారు. నేను తయారు చేసిన ప్రశ్నల్లో అది లేదు.

"మీరు అన్నదమ్ములిద్దరు కదా. ఒకరు పోయారంటున్నారు. పోతున్నప్పుడు పక్కన ఎవరున్నారు?"

ఉరుకుందు నోరు విప్పాడు. సగం నవ్వు పెదవి మీదికి వచ్చింది, ఆ బేరాలాడే గొంతు "నేను" అని మొదలుపెట్టింది. అక్కడ ఆగిపోయింది. అతని మెడ నరాలు ఉబికాయి. ఎంత బరువు ఎత్తినా అతని మెడ అట్లా అయి ఉండదు. రెండు చేతులతో బోను కమ్మీ పట్టుకున్నాడు. తర్వాత వచ్చింది మా ఆఫీసుకు మొదటిరోజు వచ్చిన మనిషి గొంతు, మాటలు సరిగా కూర్చుకోలేని గొంతు.

"నేనే ఉన్నాను సామీ. మా యన్న పోయినాడు. మే పంతొమ్మిది, పొద్దున ఏడు గంటలకు. నా సెయ్యి పట్టుకోనే పోయినాడు. ఆ సెయ్యి సల్లగై పోయింది. మూటగట్టే ముందర ముఖం సూపించినారు. ఇద్దరు పట్టుకోని గుడ్డ తీసి నాకు సూపించినారు. నేను సూసినాను. ఇంటికాడ మా వదినకు సూడలేదని సెప్పినాను. ఆ నోరు తెరుసుకున్న ముఖం ఆమెకు ఎట్ల సెప్పేది? అబద్దం సెప్పినాను. కార్డు గూడ నాదే ఇచ్చినాను. లైసెన్సు మా యన్నది. నాకు లేదు. నేను చిన్నోణ్ణి."

సుధాకర్ చేతిలో ఫైలు బల్ల మీద కొట్టి కూర్చున్నాడు. బసమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చిన ఏడుపు అది. ఉచ్చీరమ్మే పరుగున వెళ్ళి ఆమెను పట్టుకుంది. మేజిస్ట్రేటు గారు ఆపమని అనలేదు, కాశప్ప కూడా గదమాయించలేదు.

కోర్టు లేచాక బసమ్మ నా దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "సామీ, మీరు పంచాంగం తెలిసినోళ్ళంట కదా. ఆ పంతొమ్మిది ఏ తిథో సూసి సెప్పు. దినం సెయ్యల్ల. నాలుగేండ్లు ఆయనకు ఒక పిండం ముద్ద పెట్టల్యా నేను." నాన్న పాత పంచాంగాలు పెట్టెలో ఉన్నాయి. ఇంటికి పోయి వెతికి చూశాను. ప్లవ నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ సప్తమి. చీటీ మీద రాసి ఇచ్చాను. ఆ పని చేస్తున్నప్పుడు నాన్న చేతి రాత చూసి నాకూ కళ్ళు తడిశాయి. అన్నేళ్ళ గుమాస్తాగిరీలో నేను రాసిన కాగితాల్లో అబద్ధం లేనిది అదొక్కటేనేమో.

రాధిక నన్ను ఆపి ఒక మాట చెప్పింది. ఆధార్ క్యాంపు రోజు అన్నదమ్ములిద్దరూ ఒకే వరుసలో నిలబడి ఉంటారని, అక్కడ వేలిముద్రలు తీసుకునే పిల్లవాడెవడో ఇద్దరి వేళ్ళూ తారుమారు చేసి ఉంటాడని, అందుకే పచ్చదీపం వచ్చిందని. బాగానే ఉంది. మరి ముందు ఎన్నిసార్లు పెట్టినా ఎర్రదీపం ఎందుకొచ్చిందమ్మా అన్నాను. ఆమె ఫైలు సర్దుకుని మెట్లు దిగింది.

పది రోజులకు తీర్పు. ఆ రోజు కాశప్ప "ఉరుకుందు, తండ్రి బజారి" అని ఒక్కసారే పిలిచాడు. రెండో పిలుపు అవసరం లేకపోయింది. వెనక్కి చూడకుండా "ఉండా సామీ" అని లోపలికి నడిచాడు. నిజం ఒప్పుకున్నాడు కాబట్టి మూడు నెలలతో సరిపెట్టారు. అప్పీలుకి పోదామని సుధాకర్ అంటే, "వద్దు సార్. మూణ్ణెల్లే కదా. నా పేరు మీద పడింది, నేనే పోయొస్తా" అన్నాడు.

తీర్పు నకలు అందినట్టు రసీదు మీద వేలిముద్ర కావాలి. అతని చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. చెమటతో జిడ్డుగా, ఏప్రిల్లో ఆదోనిలో అందరి చెయ్యి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. సిరా అద్ది ఒత్తాను. కాగితం మీద ఒక్క గీత లేదు. నల్లటి మరక ఒకటి పడింది. తుడిచి ఇంకోసారి వేయించాను. అదే మరక. నేను ఆఫీసుకు పోయి బీరువాలోంచి పాత వకాలత్తు తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ తర్వాత రెండింటినీ చెరొక ఫైల్లో పెట్టేశాను. మళ్ళీ తీయలేదు.

సబ్ జైలుకి తీసుకుపోవడానికి జీపు వచ్చింది. కానిస్టేబులు వెనక అతను తల వంచుకుని నడుస్తున్నాడు. మెట్ల దగ్గర నుంచి స్వప్న పిలిచింది.

"నాయనా!"

అతను ఆగి వెనక్కి తిరిగాడు. "ఏయ్ పాపీ, అమ్మను సూసుకో" అన్నాడు.